నేల మీద కూర్చోకూడదన్నారు

డాక్టరు నా ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి, ఎడమ తుంటిలో గిన్నె అరిగిపోయిందనీ, అందులో నున్నగా తిరగాల్సిన బంతి గరుకెక్కి కూర్చుందనీ చెబుతుంటే, నాకు మా అత్త మీద కోపం వచ్చింది. ఆవిడకి ఎనభై ఎప్పుడో దాటాయి. ఇప్పటికీ గొంతుక్కూర్చుని బుట్టెడు చేపలు తోముతుంది. లేచేటప్పుడు గోడకి చెయ్యి కూడా ఆన్చదు. నేను ఆవిడకంటే ఇరవై ఏళ్లకి పైగా చిన్నదాన్ని. ఎవరి తుంటి ముందు అరగాలో మీరే చెప్పండి.

ఆపరేషనంటే ఇప్పుడు భయపడక్కర్లేదన్నాడు డాక్టరు. పాత గిన్నె తీసి కొత్తది బిగిస్తాం, మర్నాడే లేపి నడిపిస్తాం, ఈ నొప్పి ఇక ఉండదు అన్నాడు. పక్కన కూర్చున్న మా ఆయన ప్రతి మాటకీ తలూపుతున్నాడు. ప్లాంటులో ఉద్యోగమంతా ఓవర్‌హెడ్ క్రేను నడిపి రిటైరైన మనిషి. బేరింగు మార్చడమంటే ఆయనకి చొక్కా మార్చినంత సులువు. అంతా బాగానే ఉంది గానీ, చివర్లో డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోమన్నాడు. ఇకమీదట నేల మీద కూర్చోకూడదు. గొంతుక్కూర్చోకూడదు. బాసింపట్టు వెయ్యకూడదు. కింద పడింది వంగి తియ్యకూడదు. ఎన్నాళ్లని అడిగాను. ఆ లెక్క పెట్టుకోవద్దు, నేల సంగతి మరిచిపో అన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో మా ఆయన కొత్త గిన్నె స్టీలా, పింగాణీయా అని మురిసిపోతూ మాట్లాడుతున్నాడు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. మంచం మీద పడుకోమంటే పడుకుంటాను, సూదులు పొడిపించుకోమంటే పొడిపించుకుంటాను. నేల మీద కూర్చోకపోతే మా అత్తతో మాట్లాడేదెలా?

ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. మా ఇల్లు ఛత్తీస్‌గఢ్‌లో, ఉక్కు ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్‌లో. మా మావగారు ప్లాంటు కట్టే రోజుల్లో విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి, పనివాళ్ల కోసం వేసిన క్యాంప్ 1లో రేకుల గుడిసెలో కాపురం పెట్టి, తర్వాత మెల్లగా ఇక్కడ రెండు గదులూ ఒక వరండా కట్టుకున్నాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా అత్తకి చెవులు పోయి కూడా పదేళ్లు దాటింది. మిషను కొనిపెట్టాం. అందులోంచి ఈలలు తప్ప ఏమీ రావడం లేదని తీసి పోపులపెట్టెలో పడేసింది. ఆవాలు తీసినప్పుడల్లా అది నా చేతికొస్తుంటుంది. రాసి చూపిద్దామంటే ఆవిడకి చదువు రాదు.

మరెలా వింటుందంటే, నా పెదాలు చూసి వింటుంది. నావి మాత్రమే. మా ఆయన పెదాలకి మీసం అడ్డు. ఆ మీసం తియ్యమంటే ప్రాణం తియ్యమన్నట్టు చూస్తాడు. రాయపూర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయిది ఇక్కడ పుట్టిన పిల్లలందరి భాషే, తెలుగులో మొదలుపెట్టి హిందీలో తేలుతుంది. పాపం, మా అత్త మొదటి సగం అందుకుని రెండో సగంలో మునిగిపోతుంది. టీవీలో వాళ్లు ఒక్కచోట కుదురుగా నిలబడి మాట్లాడరు. కాబట్టి లోకం మొత్తం ఆవిడకి నా మూతి మీదుగా రావాల్సిందే.

అందుకు మాకొక వేళ ఉంది. సాయంత్రం నాలుగయ్యేసరికి వరండాలో పడమటెండ పడుతుంది. చాప పరిచి, మధ్యలో ఆకుకూర కుప్ప పోసుకుని, ఎదురెదురుగా కూర్చుంటాం. తోటకూర కానివ్వండి, ఇక్కడివాళ్లు చెచ్ భాజీ అనే జిగురాకు కానివ్వండి, ఆవిడ ఆకు తుంచుతుంది, నేను కబురు తుంచుతాను. వెలుతురు నా మొహం మీద పడాలి, మొహాలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. అప్పుడు నేను పెదవి విప్పకముందే సగం మాట పట్టేస్తుంది. వీధిలో చెవులున్నవాళ్లకి తెలియని సంగతులు మా చెవిటత్తకి తెలుసు.

ఇక మా ఆయన తల్లితో మాట్లాడే పద్ధతి వేరు. క్రేను కేబిన్లో అంత ఎత్తున కూర్చున్నవాడికి కింద మనిషి అరిచినా వినబడదు కాబట్టి, కింద నిలబడ్డ సిగ్నల్‌మేన్ చేత్తో సైగ చేస్తాడు. వేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తమని. కిందికి పెట్టి తిప్పితే దించమని. ఒక చెయ్యి సైగ చేస్తుంటే రెండో చెయ్యి దాని ముందు కదలకుండా పెడితే మెల్లగా అని. రెండు చేతులూ బారచాపి అటూ ఇటూ ఊపితే ఉన్నపళంగా ఆపమని. మిగతా సైగలు సిగ్నల్‌మేన్ చేస్తేనే లెక్క, ఈ చివరిది మాత్రం దారినపోయేవాడు చేసినా ఆపి తీరాలట. ఈ సైగలన్నీ మా ఆయన ఇంటికి తెచ్చాడు, తల్లి నేర్చేసుకుంది. అన్నంలో పులుసు కావాలంటే వేలు కిందికి తిప్పుతుంది. చాలంటే చెయ్యి ఊపుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఎత్తు, దించు, మెల్లగా, ఆపు అన్న నాలుగు మాటలతో మనిషికి ఎంతసేపు గడుస్తుంది?

ఆపరేషనుకి నెల గడువుంది. మా ఆయనా, ఆయన పాత సిగ్నల్‌మేనూ కలిసి ఇల్లు పీకి పందిరి వేశారు. ఈ సిగ్నల్‌మేన్ ఇక్కడి ఛత్తీస్‌గఢ్ మనిషే. తెలుగువాళ్ల మధ్య పనిచేసీ చేసీ మాకంటే బాగా తెలుగు తిట్లు తిడతాడు. నేను సిగ్నల్ భయ్యా అంటాను, ఆయన నన్ను భాభీ అంటాడు. మంచం, కుర్చీ, కమోడు, అన్నీ నా మోకాలి కంటే కొంచెం ఎత్తుగా ఉండాలని ఆసుపత్రిలో చెప్పారు. ఇద్దరూ నన్ను గోడకి నిలబెట్టి, స్టీలు టేపుతో మోకాలు కొలిచి, గోడ మీద సుద్దతో గీత గీశారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. క్రేను ఎత్తే బరువుని ఎవరైనా ఏమైనా అడుగుతారా?

ప్లాంటు మనుషులకి ఒక జబ్బుంది. ఏ లెక్క వచ్చినా దాని మీద కొంచెం మార్జిన్ వేసుకుంటారు, పది టన్నులెత్తాలంటే పదిహేను టన్నుల తాడు వాడతారు. మా ఆయన గీతకి తన మార్జిన్ కలిపి సిగ్నల్ భయ్యాకి చెప్పాడు. ఆయన తన మార్జిన్ కలిపి వెల్డింగు కుర్రాడికి చెప్పాడు. వాడూ ఈ ఊళ్లో పుట్టినవాడే కదా, వాడిది వాడు కలిపాడు. మంచం కాళ్లకి పైపులు అతికి లోపలికి తెచ్చాక నన్నెక్కమన్నారు. ఎక్కడానికి పీట కావాల్సొచ్చింది. ఎక్కి కూర్చుంటే కాళ్లు బావిగట్టు మీద కూర్చున్న పిల్ల కాళ్లలా గాల్లో ఊగుతున్నాయి. వ్యాయామాలు నేర్పడానికి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయి, ఆంటీ ఇది మంచమా అటకా అని అడిగింది. మళ్లీ అన్నీ మోసుకెళ్లి కోయించారు. పోనీ పొరపాటైందని ఒప్పుకున్నారా అంటే, తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. తక్కువైతే అతకలేం, ఎక్కువైతే కోసుకోవచ్చు అన్నాడు మా ఆయన.

జారిపడకుండా ఇంట్లో పట్టాలూ చాపలూ ఎత్తెయ్యమన్నారు. మా అత్త చాప కూడా చుట్టి మూల పెట్టాడు మా ఆయన. ఆవిడ వెంటనే పరిచేసింది. ఆయన చుట్టడం, ఈవిడ పరవడం, ఒక పూటంతా అదే పని. చివరికి వరండాలో ఆ చివర, నేను నడవని మూలకి చాప జరిగింది. పంటి డాక్టరు దగ్గరికి కూడా పంపించారు నన్ను. నోట్లో చీముంటే అది పోయి కొత్త తుంటిలో చేరుతుందట. పంటికీ తుంటికీ చుట్టరికమేమిటని మా అత్త తెగ ఆశ్చర్యపోయింది. సాయంత్రం తోటకూర తుంచుతూ అదంతా వివరంగా చెప్పాను. ఆవిడ ఆ కబురు ఇంకొకరికి చెప్పడానికి చుట్టుపక్కల ఎవరూ లేకపోయారుగానీ, ఉంటే ఆ రాత్రికల్లా వీధంతా పళ్లు తోముకునేది.

ఆసుపత్రిలో చేరే రోజు కూడా నాలుగింటికి కూర్చున్నాం. అప్పటికి నేను నేల మీదికి దిగడమంటే స్తంభం పట్టుకుని, అయిదారు విడతలుగా, పళ్లు బిగించి దిగడమే. ఇదే ఆఖరుసారి అని నాకు తెలుసు. ఆవిడకి చెప్పలేదు. చెప్పడానికి అంతకంటే మంచి కబురుంది ఆ రోజు. ఎదురింటివాళ్ల కొత్త కోడలు జుట్టు భుజాల దాకా కత్తిరించుకొచ్చింది. అత్త నోరు చేసుకుంది. ఆ పిల్ల పెట్టె సర్దుకుంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి గుమ్మంలో ఆటో హారన్ మోగింది. మా అత్తకి హారన్ వినబడలేదు కదా, ఆనక ఏటయ్యింది అంటూ నా మూతి వంకే చూస్తోంది. వచ్చాక చెబుతానత్తా అన్నాను. మా ఆయనా సిగ్నల్ భయ్యా చెరో రెక్కా పట్టుకుని నన్ను లేపారు.

ఆపరేషను గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నడుముకి సూది ఇచ్చారు, కింద సగం నాది కాకుండా పోయింది. మెలకువగానే ఉన్నాను. తెర అవతల సుత్తి చప్పుడు, డ్రిల్లు మిషను చప్పుడు, అది కాదు ఇది అందుకో అనే కేకలు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ ఊళ్లోనే ఉన్నదాన్ని, ఆ చప్పుళ్లకి హాయిగా కునుకు పట్టింది. మర్నాడు నిజంగానే లేపి నిలబెట్టారు. వాకరు పట్టుకుని తలుపు దాకా నడిచాను. కుట్లు లాగుతున్నాయి గానీ, ఏళ్ల తరబడి లోపల కూర్చుని కొరికిన ఆ పాత నొప్పి లేదు. నాకు నవ్వొచ్చింది, నర్సమ్మ నా మొహం చూసి తనూ నవ్వింది.

ఇంటికొచ్చిన రోజు వీధికి పండగే. సిగ్నల్ భయ్యా నాకెదురుగా వెనక్కి నడుస్తూ సైగలు చేస్తున్నాడు, మా ఆయన వెనక నా నడుము పట్టుకుని ఆ సైగల ప్రకారం నన్ను నడిపిస్తున్నాడు. గుమ్మం దగ్గర ఎత్తు, మెట్టు దగ్గర మెల్లగా. ఇద్దరి మొహాల్లోనూ అంత వెలుగు రిటైరైన తర్వాత నేను చూడలేదు. వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టారు. వరండా మూల చాప మీదనుంచి మా అత్త కూడా ఒక చెయ్యి ముందు ఇంకో చెయ్యి పెట్టి, మెల్లగా, మెల్లగా అంటోంది.

మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చి, మొదటి రోజులన్నీ నా స్నానాలూ మందులూ చూసి వెళ్లింది. నా రోజంతా వ్యాయామమే. మడమ లాగు, తొడ బిగించు, కాలు పక్కకి జరుపు. పడుకుంటే కాళ్ల మధ్య దిండు. దిండు జారితే మా ఆయన ఉలిక్కిపడి లేచేవాడు. కింద పడినవి తియ్యడానికి ఒక పొడుగు పట్టుకారు కూడా చేయించారు, అందులోనూ మార్జినే. దాంతో ఎర్రగా కాలిన ఇనుపకడ్డీని పట్టుకోవచ్చు, తువ్వాలుని మాత్రం పట్టుకోలేం. మా ఆయన వంట నేర్చుకున్నాడు. పప్పు ఉడికిందో లేదో చూడ్డానికి కుక్కర్ని ఎవరైనా కిటికీ వెలుతురులోకి మోసుకొస్తారా? మా ఇంట్లో మోసుకొచ్చారు.

మొదటి రోజు నాలుగింటికి వాకరు మీద వరండాలోకొచ్చి, నా కోసం చేసిన ఎత్తు కుర్చీలో కూర్చున్నాను. మా అత్త భాజీ కుప్ప ఎత్తుకుని సంబరంగా వచ్చి, నా కాళ్ల దగ్గర నేల మీద చతికిలబడి, తలెత్తి చూసింది. అక్కణ్నుంచి ఆవిడకి నా గెడ్డమూ ముక్కు రంధ్రాలూ తప్ప ఏమీ కనబడవు. నేను ముందుకి వంగకూడదు, వంగితే కొత్త బంతి గిన్నెలోంచి జారుతుంది. ఏటి, అంది. చెప్పాను. ఏటి, అంది మళ్లీ. అరిచి చెప్పాను. ఎదురింట్లోంచి ఆ కోడలి అత్తే బయటికొచ్చి నావైపు చూసింది. నోరు మూసుకున్నాను. మా అత్త కాసేపు నా గెడ్డం వంకే చూసి, మెడ నొప్పెట్టి కాబోలు తల దించేసింది. ఆకు తుంచడం అయ్యాక మొహం చిన్నబుచ్చుకుని తన మూలకి వెళ్లిపోయింది.

మర్నాడు ఏటి అని అడగలేదు. ఆ తర్వాత కుప్ప ఎత్తుకుని నా దగ్గరికి రావడమే మానేసింది. తన చాప మీద, తన మూలన, గోడవైపు తిరిగి ఆకు తుంచుకునేది. పొద్దున్న ఒకసారి నొప్పి తగ్గిందేటి అని అడిగేది, నేను తలూపేదాన్ని. రోజు మొత్తానికి మా మధ్య అంతే మాట. వినబడనివాళ్లు మాట్లాడ్డం మానేస్తే ఇక ఏం మిగులుతుంది? నాకు గుబులు పట్టుకుంది. నా కాలు రోజురోజుకీ కుదురుకుంటోంది, ఆవిడేమో రోజురోజుకీ ఆ మూలలోకి ఇంకిపోతోంది. ఆ కాలు బాగుపడుతున్నందుకు నాకు సిగ్గుగా కూడా అనిపించింది.

మా ఆయనకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. సిగ్నల్ భయ్యా మళ్లీ వచ్చాడు, టేపు మళ్లీ బయటికొచ్చింది. మొదట పాత స్కూటరు అద్దం పీకి, నా కుర్చీ చేతికి తీగతో కట్టి, కిందనుంచి చూస్తే నా మొహం కనబడేటట్టు వంచారు. మా అత్త అద్దంలోకి చూసి తల సర్దుకుంది. తర్వాత దాన్ని అటు తిప్పి వీధిలో ఎవరు పోతున్నారో చూసుకుంది. అద్దం అలా ఓడిపోయాక మంచె తయారైంది. ఇనుప కమ్మీలూ, పైన ప్లాంటు మెట్లకి వేసే గళ్ల రేకూ. దాని మీద చాప వేసి మా అత్తని కూర్చోబెడితే, మొహాలు ఒకే ఎత్తుకి వస్తాయని వాళ్ల లెక్క. దున్నపోతు గంతులేసినా కదలదది. మా అత్త దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నానేటి, ఇనాయకుణ్ణా? పదిరోజులయ్యాక నీల్లల్లో కలపడానికా?" అనేసి తన మూలకి పోయింది. ఇప్పుడా మంచె మీద మంచినీళ్ల డ్రమ్ము ఉంది.

కుర్చీలో కూర్చోబెడితే పోదా అని మీకు అనిపించి ఉంటుంది. నాకూ అనిపించింది. మా వరండాలో కుర్చీ ఉంది కూడా, మా మావగారిది. ప్లాంటుకి మిషన్లు వచ్చిన చెక్కపెట్టెలు విప్పితే వచ్చిన కలపతో ఆయన తనే చేసుకున్నాడు. మా అత్త రోజూ పొద్దున్నే దాన్ని తుడుస్తుంది. అందులో ఎవరూ కూర్చోవద్దని ఆవిడ ఎప్పుడూ అనలేదు గానీ, మా ఆయన చెప్పులు వేసుకోవడానికి అందులో కూలబడితే, ఆయన లేచేదాకా ఆవిడ చూపు ఆయన మీదినుంచి తప్పుకోదు. ఆవిడ మాత్రం ఆ కుర్చీలోనే కాదు, ఏ కుర్చీలోనూ కూర్చోగా నేను చూడలేదు. కోడలిగా వచ్చిన ఇంట్లో ఆడవాళ్లకి కుర్చీలు లేవు, ఆ తర్వాత ఇక అలవాటు కాలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే బెంచీ పక్కన నేల మీద కూర్చుంటుంది. పెళ్లిళ్లలో కుర్చీల వరసల మధ్య ఎక్కడో కిందనుంచి ఆవిడ గొంతు వస్తుంది. కుర్చీలో కూకుంటే కాళ్లు ఏలాడతాయి, మనిషి తేలిపోతాది అంటుంది. మా ఆయన కుర్చీ చూపించి, వేలు పైకి తిప్పి, ఎత్తు సైగ చేసి చూశాడు. ఆవిడ మొహం తిప్పేసుకుంది.

ఫిజియోథెరపీ అమ్మాయిని బతిమాలాను, ఒక్క పది నిమిషాలు, స్తంభం పట్టుకుని, కాలు చాపుకుని కూర్చుంటానని. ఆ పిల్ల తెలుగూ మా అమ్మాయి తెలుగే. ఆంటీ, బిల్కుల్ వద్దు, బంతి బయటికి వచ్చేస్తే మళ్లీ టేబుల్ ఎక్కాలి, ఫిర్ మొత్తం మొదటినుంచి అంది. సరే అన్నాను. కూర్చోనని మాత్రం అనలేదు.

ఆ సాయంత్రం మా ఆయన సిగ్నల్ భయ్యా ఇంటికి చీట్లాటకి వెళ్లాడు. నేను ఎత్తు కుర్చీలో, మా అత్త తన మూలలో. ఎదురింటి ముందు బండి ఆగింది. వెనకనుంచి ఆ కోడలు దిగింది. జుట్టు ఇప్పుడు చెవుల దాకానే ఉంది. వాళ్లత్త గుమ్మంలో నిలబడి నవ్వుతూ ఆ పిల్ల చేతిలో సంచీ అందుకుంది. అమ్మదొంగా అనుకున్నాను. ఇంత కబురు కళ్లముందు జరుగుతోంది, మా పిట్టగోడ అడ్డంతో కింద కూర్చున్న మా అత్తకి అందులో చీమంత కూడా కనబడదు. తల తిప్పి చూశాను. ఆవిడ గోడవైపు తిరిగి ఒక్కొక్క ఆకే, నిదానంగా, చేసే పని లేనివాళ్లు తుంచినట్టు తుంచుతోంది.

ఇక ఆగలేకపోయాను. వాకరు పట్టుకుని చాప దాకా నడిచాను. వాకరు పక్కకి తోసి, స్తంభం రెండు చేతులా పట్టుకుని, ఎడమకాలు ముందుకి చాపి, కుడి మోకాలు మెల్లగా వంచడం మొదలుపెట్టాను. ఒక్కసారికి ఏమైపోతుందిలే అనుకున్నాను. కొత్త గిన్నె లోపల ఎక్కడో బిగుసుకుంది.

నా నీడ చాప మీద పడిందేమో, మా అత్త తిరిగి చూసింది. చూసీ చూడగానే రెండు చేతులూ బారచాపి గాల్లో అటూ ఇటూ ఊపింది. తుంచిన ఆకంతా ఒళ్లోంచి ఎగిరి నేల మీద పడింది. ఆ సైగ ఎవరు చేసినా ఆపాల్సిందేనని చెప్పాను కదా. క్రేను నడిపినవాడి పెళ్లాన్ని, నేనూ ఆగిపోయాను.

"దిగకు," అంది. "దిగకు. నానొస్తాను."

లేచింది, చెయ్యి ఆన్చకుండానే. నేను వాకరు అందుకుని నా కుర్చీలోకి చేరేదాకా రెండు చేతులూ అలాగే చాపి నిలబడింది. తర్వాత మా మావగారి కుర్చీ దగ్గరికెళ్లింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, గచ్చు మీద కీచుమని శబ్దం చేస్తూ, తనకా శబ్దం తెలియదు కదా, నా కుర్చీ ఎదురుగా లాక్కొచ్చి పెట్టింది. పొద్దున్న తుడిచిన కుర్చీనే మళ్లీ కొంగుతో తుడిచింది. చెయ్యి దానికి ఆన్చి కళ్లకద్దుకుంది. వెనక్కి తిరిగి, చివరంచున, ఎవరైనా లేపేస్తారేమో అన్నట్టు కూర్చుంది. కాళ్లు నేలకి అందలేదు. వాటి వంక ఒకసారి చూసుకుని, రెండూ పైకి తీసి, కుర్చీ మీదే బాసింపట్టు వేసేసింది.

మొహాలు సమానంగా రాలేదు, నాది కొంచెం పైనే ఉంది. అయినా పడమటెండలో ఆవిడ కళ్లు తిన్నగా నా మూతి మీదికి వచ్చాయి. ఇన్ని రోజులకి.

"ఇప్పుడు సెప్పు," అంది. "ఆ గుంట పెట్టె సర్దుకుంది. ఆనక ఏటయ్యింది?"

ఎక్కడ ఆపానో ఆవిడకి గుర్తుంది. ఆసుపత్రి రోజులూ, ఆ తర్వాత రోజులూ, అద్దమూ, మంచె, అన్నీ గడిచినా ఆ పెట్టె దగ్గరే కూర్చుని ఉందావిడ. చెబుదామని నోరు తెరిచాను. పెదాలు కుదురుగా కదల్లేదు. కళ్లు నిండి, నీళ్లు కారి గెడ్డం దాకా వచ్చేశాయి.

మా అత్త ముందుకి వంగింది, తను వంగొచ్చు కాబట్టి. కొంగు చివర అందించింది.

"ఏడిస్తే పెదాలు తెలవవు," అంది. "తుడుసుకోని సెప్పు."

తుడుచుకుని, పెట్టె సర్దుకున్న దగ్గర్నుంచి మొదలుపెట్టాను.